అండమాన్‌లో ఒక్క రోజు ద్వీప యాత్ర: జాలీ బాయ్, రాస్, హేవ్‌లాక్‌లలో ఏది మేలు?

పోర్ట్ బ్లెయిర్‌లో దిగి హోటల్ గదిలో సామాను పెట్టామో లేదో, ట్రావెల్స్ అబ్బాయి ఒక కాగితం తెచ్చి ముందు పెడతాడు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ద్వీపాల పేర్లు అందులో నాలుగైదు ఉంటాయి. బోటు, గైడ్, ఒక్కోసారి భోజనం కూడా వాళ్లే చూసుకుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు అందరికీ తెలిసిన పేరు కదా అని మేం హేవ్‌లాక్‌కే ఊఁ అన్నాం. రెండోసారి మా అమ్మ, పిల్లలు కూడా వెంట ఉన్నారు కాబట్టి నాలుగు చోట్ల అడిగి, రోజు ఎలా గడుస్తుందో లెక్క వేసుకుని మరీ ఎంచుకున్నాం. ఆ రెండు యాత్రల తేడా చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు పేర్ల సంగతి చెప్పాలి. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను కూడా శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడితే కంగారు పడకండి. జనం నోట్లో ఇంకా పాత పేర్లే ఉన్నాయి, నేనూ అవే వాడుతున్నాను.

ఎక్కువమంది అడిగేది హేవ్‌లాక్ గురించే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. అక్కడి రాధానగర్ బీచ్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది. నేను చూసినంతలో ఆ మాటలో అతిశయం లేదు. పొడవాటి తెల్లని ఇసుక, వెనకాల ఆకాశాన్నంటే చెట్లు, ముందు లేత నీలం నుంచి ముదురు నీలంలోకి మారిపోయే నీళ్లు. అయితే ఒక్క రోజులో అది మన చేతికి ఎంత వస్తుందనేదే నా ప్రశ్న.

ప్రైవేటు కాటమరాన్‌లో, అంటే వేగంగా పోయే జంట అడుగుల బోటులో, ప్రయాణం సుమారు గంటన్నర. ప్రభుత్వ ఫెర్రీ అయితే రెండున్నర గంటలు పడుతుంది. బోటు బయలుదేరడానికి ముప్పావుగంట, గంట ముందే జెట్టీలో ఉండాలి. గుర్తింపు కార్డు చూపించాలి, సామాను తనిఖీ చేయించుకోవాలి. పొద్దున్నే మొదటి బోటు ఎక్కినా దిగి బయటపడేసరికి ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుతుంది. తిరుగు బోటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో. అంటే మూడింటికల్లా బీచ్ వదిలేయాలి. మధ్యలో మిగిలేది ఆరు గంటలు. జెట్టీ నుంచి రాధానగర్ 12 కిలోమీటర్లు. స్నోర్కెలింగ్ (ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడడం) కోసం ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్లాలంటే అది మళ్లీ వేరే బోటు, వేరే క్యూ. ఈ రెండూ, మధ్యాహ్న భోజనమూ ఆ ఆరు గంటల్లోనే కుక్కాలి. మేం కుక్కాం. ఎలిఫెంట్ బీచ్‌లో మా వంతు కోసం కూర్చున్న సమయమే నీళ్లలో ఉన్న సమయం కంటే ఎక్కువ.

ఇంతకంటే బాధపెట్టినది ఇంకొకటి ఉంది. రాధానగర్ పడమటి వైపు తీరం. దాని అందమంతా సూర్యాస్తమయంలో ఉంది. మా ప్యాకేజీ కాగితం మీద "రాధానగర్ సన్‌సెట్" అని అచ్చులో ఉంది కూడా. మూడు కాకముందే డ్రైవరు వచ్చి లేవమన్నాడు. అదేమిటని అడిగితే బోటుకు టైమైపోతోందన్నాడు. అతని తప్పేం లేదు, ఆ కాగితం అచ్చు వేసినవాళ్లది తప్పు. నిజానికి అండమాన్‌లో పొద్దు తొందరగానే గుంకుతుంది. మన గడియారం నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో ఐదు గంటలకే చీకటి పడడం మొదలవుతుంది. అంత తొందరగా గుంకే పొద్దును కూడా డే ట్రిప్‌లో వెళ్లినవాళ్లు చూడలేరు. ఎవరైనా సన్‌సెట్ చూపిస్తామని ఒక్క రోజు హేవ్‌లాక్ ప్యాకేజీ అమ్మబోతే, తిరుగు బోటు ఎన్ని గంటలకని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

అందుకే హేవ్‌లాక్ వెళితే ఒక రాత్రయినా ఉండండి. సాయంత్రం రాధానగర్‌లో కూర్చుని, మర్నాడు తెల్లవారుజామున తూర్పు వైపున్న విజయనగర్ బీచ్‌లో పొద్దు పొడవడం చూడొచ్చు. ఒక రాత్రి గది ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయినా రానూపోనూ బోటు టికెట్లే డే ట్రిప్‌లో సగం ఖర్చును మింగేస్తాయి. అంత పెట్టి సగమే చూసి రావడం కంటే ఇంకొంచెం పెట్టి పూర్తిగా చూడడం నయం.

జాలీ బాయ్ సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ రాత్రి ఉండడమన్నదే లేదు. హోటల్ లేదు, కొట్టు లేదు, ఇల్లు లేదు. 1983లో ఏర్పాటు చేసిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో అదొక చిన్న దీవి. పోర్ట్ బ్లెయిర్ నుంచి 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న వండూర్ దాకా రోడ్డు మీద, అక్కడి నుంచి సుమారు గంట బోటు మీద వెళ్లాలి. ఆ బోటు ప్రయాణమే నాకు చాలా నచ్చింది. రెండు వైపులా మడ అడవులు, మధ్యలో దాదాపు అలల్లేని నీళ్లు. హేవ్‌లాక్ దారిలో ఓపెన్ సముద్రం మీద వాంతులతో అల్లాడిన మా పెద్దపాప ఇక్కడ హాయిగా రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

దీవి దగ్గర జెట్టీ లేదు. పెద్ద బోటు లోతు నీళ్లలోనే ఆగిపోతుంది. అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు చేరాలి. ఆ అద్దంలోంచి చూస్తుంటే కింద పగడాల దిబ్బలు మొదలవుతాయి. మెదడులా మడతలు పడ్డవి, దుప్పి కొమ్ముల్లా చీలినవి, వాటి సందుల్లో చారల చేపలు. పడవ నడిపే ఆయన మాటల్లో శ్రీకాకుళం యాస వినబడగానే మా అమ్మ ముఖం వెలిగిపోయింది. అండమాన్‌లో బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు తెలుగు కూడా బాగానే వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. "అమ్మా, అవి రాళ్లు కావమ్మా, ప్రాణమున్నవి" అని ఆయన ఓపిగ్గా చెబుతుంటే, మా చిన్నవాడు ఎన్నడూ లేనంత బుద్ధిగా విన్నాడు.

ఆయన చెప్పింది నిజం. పగడం అంటే అతి చిన్న జీవుల కాలనీ. నీళ్లు మామూలు కంటే వేడెక్కితే వాటిలో ఉండి రంగునూ ఆహారాన్నీ ఇచ్చే నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్ పగడాలకు అలాంటి దెబ్బే గట్టిగా తగిలింది. కోలుకుంటున్న చోట మన పాదం పడితే ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క క్షణంలో విరుగుతుంది. స్నోర్కెలింగ్ చేస్తూ అలసిపోయినా సరే పగడం మీద నిలబడకండి. లైఫ్ జాకెట్ ఉంది కదా, వెల్లకిలా తేలండి. ఒడ్డున దొరికిన ముక్క అయినా జేబులో వేసుకోవద్దు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం, ఎయిర్‌పోర్టు తనిఖీలో పట్టుకుంటారు.

జాలీ బాయ్‌కు ఇబ్బందులు లేవని కాదు. వండూర్‌లో సంచులన్నీ వెతుకుతారు, ప్లాస్టిక్ సీసా గానీ చిప్స్ ప్యాకెట్ గానీ లోపలికి పోనివ్వరు. తిండి స్టీలు డబ్బాల్లో తీసుకెళ్లాలి. బట్టలు మార్చుకునే సౌకర్యం అంతంతమాత్రమే. రోజుకు ఇంతమందికే అని అటవీ శాఖ అనుమతి ఇస్తుంది కాబట్టి ముందే పర్మిట్ తీసుకోవాలి. వర్షాకాలంలో జాలీ బాయ్ మూసేసి, దాని బదులు రెడ్‌స్కిన్ అనే ఇంకో దీవి తెరుస్తారు. ఈ కట్టుబాట్లన్నీ చూసి కొందరు విసుక్కుంటారు. నాకైతే అవే ఆ దీవిని కాపాడుతున్నాయనిపిస్తుంది. మధ్యాహ్నానికల్లా చూడాల్సింది చూసేసి, ఇంకా ఉంటే బాగుండుననే కోరికతో బోటు ఎక్కుతాం. అయితే ఏదో పోగొట్టుకున్నామన్న దిగులు మాత్రం ఉండదు.

ఇక రాస్. ఇది పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగానే ఉంటుంది, బోటులో పావుగంట. సముద్రస్నానం కోసం వెళ్లే చోటు కాదిది. 1858లో కాలాపానీ ఖైదీలను తెచ్చి, వాళ్ల చేతే అడవి కొట్టించి, బ్రిటిషర్లు దీన్ని తమ పాలనా కేంద్రం చేసుకున్నారు. చర్చి, బేకరీ, చీఫ్ కమిషనర్ బంగళా, డ్యాన్సులకు పెద్ద హాలు, అన్నీ కట్టుకున్నారు. 1941 జూన్‌లో భూకంపం, 1942లో జపాన్ సైన్యం. ఆ తర్వాత మనుషులు వెళ్లిపోయారు, చెట్లు వచ్చాయి. ఇప్పుడు ఊడలు గోడలను పట్టుకుని నిలబెట్టాయో, గోడలే ఊడలను మోస్తున్నాయో చెప్పలేం. మధ్యలో దుప్పులు, నెమళ్లు భయం లేకుండా తిరుగుతుంటాయి.

రాస్‌లో గైడ్ తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. జాలీ బాయ్‌లో గైడ్ పని పర్మిట్లు, బస్సు, బోటు కుదర్చడంతోనే చాలావరకు అయిపోతుంది, నీళ్లలోది మన కళ్లే చూస్తాయి. హేవ్‌లాక్‌లో అయితే ఒక ఆటో గానీ అద్దె స్కూటర్ గానీ చాలు, గైడ్ వెంటపడి తొందరపెట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. రాస్‌లో మాత్రం చెప్పేవాళ్లు లేకపోతే అవి వట్టి మొండిగోడలు. మాకు దొరికిన పెద్దాయన దీవి అంచున నిలబడి, నీళ్లకు అవతల ఊరిని చూపించి, అక్కడ సెల్యులార్ జైలు, ఇక్కడ డ్యాన్సు హాలు అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా ఈ అండమాన్‌లోనే శిక్ష అనుభవించారని అప్పుడు నాకు గుర్తొచ్చింది. పిల్లలకు ఆ కథ అక్కడే, మెట్ల మీద కూర్చుని చెప్పాను.

నడక, మెట్లు కొంచెం ఉంటాయి, పెద్దవాళ్ల కోసం బ్యాటరీ బండ్లు ఉన్నాయి. రాస్‌తో కలిపి నార్త్ బే కూడా చూపించడం మామూలు. పాత 20 రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మలోది ఈ నార్త్ బే లైట్‌హౌసే. అక్కడ సీ వాక్ (హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడవడం), స్కూబా, రకరకాల బోట్లు ఉన్నాయి. దిగిన దగ్గర నుంచి ఏదో ఒకటి ఎక్కమని పిలుస్తూనే ఉంటారు. ఈత రాని వాళ్లకు సీ వాక్ మంచి అనుభవమే, పగడాల కోసమైతే మాత్రం జాలీ బాయ్‌కే వెళ్లండి.

నీల్ గురించి రెండు మాటలు. హేవ్‌లాక్ 90 చదరపు కిలోమీటర్ల పైమాటే, నీల్ దాదాపు 14. కాబట్టి ఫెర్రీ ఎక్కి దూరంగా ఉన్న దీవినే ఒక్క రోజులో చూసి రావాలని గట్టిగా ఉంటే, నీల్ కొంతవరకు కుదురుతుంది. లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెనకు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. ఆ రోజు ఆటు ఎన్నింటికో తెలుసుకుని టికెట్ తీసుకోండి.

కాగితం మీద బారాటాంగ్ కూడా ఉంటుంది, సున్నపురాతి గుహల యాత్ర అని. తెల్లవారుజామున మూడింటికే లేచి, కాన్వాయ్‌లో జారవా తెగవాళ్ల అడవి గుండా పోవాలి. ఆ రోడ్డు మీద వాళ్లను చూడ్డానికే వెళ్లే మనుషులున్నారు. ఒకరి ఇంటి మధ్య నుంచి బస్సులో పోతూ కిటికీలోంచి తొంగి చూడ్డం నాకు మనస్కరించలేదు. అందుకే వెళ్లలేదు, ఈ పోలికలో దాన్ని కలపనూ లేదు.

మీ చేతిలో ఉన్నది ఒక్క రోజే అయితే, నవంబరు నుంచి వేసవి దాకా జాలీ బాయ్ నా మొదటి ఎంపిక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే రాస్. చిన్న పడవలోకి దిగడం, ఎక్కడం వాళ్లకు కష్టం. మా అమ్మ ఎక్కగలిగింది గానీ ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. వానాకాలంలోనూ రాసే నయం, దగ్గర కాబట్టి. హేవ్‌లాక్‌కు రెండు రోజులు కుదిరితేనే వెళ్లండి, లేకపోతే ఈసారికి వదిలేయండి.

ఏది ఎంచుకున్నా బుక్ చేసే ముందు కొన్ని చూసుకోండి. ఈ దీవుల్లో కొన్నిటికి వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, ముందురోజే అడగండి. అసలు గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. వాంతుల మాత్ర పడే అలవాటుంటే బోటు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే అది పనిచేసేలోపే కడుపు తిప్పేస్తుంది. వండూర్ తీరంలో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, అక్కడ నీళ్లలోకి దిగొద్దని చెబితే మారుమాట లేకుండా వినండి. ఇంకొకటి, సముద్రం బాగా లేకపోతే బోట్లు ఆపేస్తారు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ద్వీప యాత్రను యాత్ర మొదట్లోనే పెట్టుకుని, విమానం ఎక్కే ముందు రోజును ఖాళీగా ఉంచుకోండి. మేం జాలీ బాయ్‌కు అనుకున్న రోజు గాలివాన వచ్చింది. మధ్యలో ఒక ఖాళీ రోజు ఉంచుకున్నాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అమ్మ ఆ అద్దంలోంచి పగడాలను చూసి ఉండేది కాదు.