లాంగ్జాలో మూడు రాత్రులు: స్పితి లోయలోని ఒక హోమ్‌స్టే

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, కాజా పట్టణానికి పైన సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న లాంగ్జా గ్రామంలో ఒక రైతు కుటుంబం నడిపే హోమ్‌స్టేలో, సెప్టెంబరు రెండో వారంలో, నేను, నా భార్య, అరవై రెండేళ్ల మా అమ్మ మూడు రాత్రులు ఉన్నాం. ఇల్లు బాగుంది, భోజనం బాగుంది, మనుషులు మరీ మంచివారు. అయితే ఇవన్నీ మేము అనుభవించగలిగామంటే అక్కడికి నెమ్మదిగా చేరడమే కారణం కాబట్టి, ముందుగా దారి సంగతి చెబుతాను.

మేము మొదట సంప్రదించిన ఒక ట్రావెల్ సంస్థ మొదటి రాత్రి మనాలిలో, రెండో రాత్రి చంద్రతాల్ సరస్సు దగ్గర, మూడో రాత్రి లాంగ్జాలో ఉండేలా ప్రణాళిక పంపింది. 2020లో అటల్ సొరంగం ప్రారంభమైనప్పటి నుంచి రోహ్‌తంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది గానీ, సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న మనాలి నుంచి 4,250 మీటర్ల పైన ఉన్న చంద్రతాల్‌కు ఒక్క పగటిలో చేరితే శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడే వ్యవధే ఉండదు. తలనొప్పి, వాంతులు, నిద్రలేమితో మొదలయ్యే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ ముదిరి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరితే ప్రాణాపాయం; అప్పుడు చేయవలసిన మొదటి పని కిందికి దిగడం. చంద్రతాల్ నుంచి ఆ రాళ్ల దారిలో రాత్రివేళ దిగడం ఎంత కష్టమో తెలిసినవారెవరూ పెద్దవయసు వారికి అలాంటి ప్రణాళిక ఇవ్వకూడదు. మేము ఒప్పుకోలేదు.

దానికి బదులు హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీలో కిన్నౌర్ మీదుగా ప్రయాణం చేశాం: నార్కండలో ఒక రాత్రి, కల్పాలో రెండు, నాకోలో ఒకటి, టాబోలో ఒకటి, కాజాలో రెండు. మందుల విషయం బయలుదేరే ముందే మా డాక్టరుతో మాట్లాడుకున్నాం. రాకపోకలన్నీ కలిపి మొత్తం పదమూడు రోజులు పట్టింది. అన్ని రోజులు సెలవు దొరకనివారు లాంగ్జాలో రాత్రి ఉండాలనే ఆలోచన మానుకొని, కాజాలోనే ఉండి పగలు వెళ్లి రావడం మేలు. టాబోను కేవలం మజిలీగా చూడవద్దని కూడా మనవి చేస్తున్నాను. 996లో స్థాపించిన అక్కడి బౌద్ధ మఠం బయటికి మట్టిగోడల సముదాయంలా కనిపిస్తుంది గానీ, లోపల మసక వెలుతురులో గోడల నిండా ఉన్న చిత్రాలకు కళ్లు అలవాటు పడిన కొద్దీ ఒక్కొక్క రూపమే బయటపడుతుంది. టార్చి, కెమెరా పక్కన పెట్టి, కనీసం గంటసేపు కూర్చోవాలి.

ఇక ఇంటి విషయం. మందపాటి మట్టిగోడలు, చదును మిద్దె, దానిమీద చలికాలం కోసం పేర్చిన వంటచెరకు, పిడకలు. ఇంటివారు, అతిథులు అందరూ వంటగదిలోనే, బుఖారీ అనే ఇనుప పొయ్యి చుట్టూ కూర్చుంటారు. మేము చేరిన రోజున చుట్టుపక్కల చూసి వద్దామని లేవబోతే ఇంటావిడ కూర్చోబెట్టి, వెల్లుల్లి వేసిన వేడి సూప్ ఇచ్చి, రేపటి దాకా ఎక్కడికీ వెళ్లవద్దని గట్టిగా చెప్పింది. అమ్మకు ఆ రాత్రి కొద్దిగా తలనొప్పి వస్తే రెండుసార్లు లేచి వచ్చి అడిగింది. ఏ హోటల్లోనూ నేను ఇంతటి శ్రద్ధ చూడలేదు.

భోజనంలో రొట్టె, పప్పు, బంగాళాదుంప కూర, ఒక పూట తుక్పా అనే నూడుల్స్ సూప్, ఒక పూట ఆవిరి మీద వండిన టింగ్మో అనే మెత్తటి రొట్టె. ఆ ఎత్తున నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం ప్రెషర్ కుక్కర్లో తప్ప ఉడకదు; అయినా మా కోసం రోజూ రాత్రి అన్నం వండారు. ఉప్పు, వెన్న వేసిన టీ నాకు నచ్చింది, మా ఆవిడకు నచ్చలేదు.

మేమున్న రోజుల్లో బార్లీ నూర్పిడి జరుగుతోంది. కళ్లం మధ్య గుంజకు పశువులను వరుసగా కట్టి తొక్కిస్తుంటే, చిన్నప్పుడు తమ ఊళ్లో బంతి తోలిన రోజులు అమ్మకు గుర్తుకు వచ్చాయి. ఆమెకు హిందీ రాదు, ఇంటావిడకు తెలుగు రాదు. అయినా మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బార్లీ చెరిగారు. ఎదురుగా 6,303 మీటర్ల చౌ చౌ కాంగ్ నిల్డా శిఖరం, దిగువన లోయ వైపు చూస్తున్న పెద్ద బుద్ధ విగ్రహం ఉన్నాయి. నా ప్రయాణం మొత్తానికి ఆ మధ్యాహ్నమే విలువైనది.

లోపాలు కూడా చెప్పాలి. ఒక్కొక్కరికి రోజుకు 1,200 రూపాయలు, రెండు పూటల భోజనంతో అని ఫోనులో చెప్పారు గానీ, గదిలో బుఖారీ వెలిగిస్తే కట్టెల ఖర్చు విడిగా ఇవ్వాలన్న సంగతి వెళ్లాకే తెలిసింది. బొంతలు బరువైనవే గానీ కాస్త దుమ్ము వాసన వచ్చాయి. ఒక సాయంత్రం కరెంటు పోయి మరునాటి ఉదయం దాకా రాలేదు. స్నానానికి ఒక బకెట్ వేడినీళ్లు మాత్రమే ఇస్తారు; నీటికి కటకటలాడే ఊరు కనుక దీన్ని నేను లోపంగా లెక్కపెట్టను. మరుగుదొడ్డి నీళ్లు వాడనిది: మట్టి, బూడిద చల్లాలి, తరువాత అది పొలానికి ఎరువవుతుంది. శుభ్రంగానే ఉంది గానీ, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి.

ఊళ్లో పిల్లలు అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిన, చుట్ట గవ్వ గల సముద్రజీవి) శిలాజాలు అమ్మజూపుతారు. ఒకప్పుడు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేదనడానికి ఆ రాళ్లే సాక్ష్యం. దయచేసి కొనవద్దు, కొన్న కొద్దీ కొండను ఇంకా తవ్వుతారు.

వెళ్లదలచినవారు నగదు కాజాలోనే తీసుకోవాలి. మనాలి మీదుగా తిరిగి రావాలనుకుంటే కుంజుమ్ కనుమ సాధారణంగా జూన్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది. అందులోనూ వానల్లో కొండచరియలు విరిగిపడే జూలై, ఆగస్టు నెలలు వదిలేసి సెప్టెంబరు ఎంచుకోండి. హోమ్‌స్టేకు రెండు రోజుల ముందు కాజా నుంచి ఇంకొకసారి ఫోన్ చేసి, కట్టెల ఖర్చుతో సహా ధర ఖరారు చేసుకోండి.