పూల బండిలో డాష్‌క్యామ్: పద్నాలుగు నెలల తర్వాత నా రివ్యూ

మాది చేవెళ్ల దగ్గర ఊరు. నాకో టాటా ఏస్ ఉంది. రాత్రి రెండున్నరకు ఊళ్ళో పూల మూటలు ఎత్తుకుని, మర్రిచెట్ల రోడ్డు మీదుగా మొయినాబాద్, అప్పా జంక్షన్ దాటి హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరుస్తాను. చామంతి, బంతి, అప్పుడప్పుడు గులాబీ. పదకొండేళ్లుగా ఇదే పని.

పద్నాలుగు నెలల కింద బండికి డాష్‌క్యామ్, అంటే ముందు అద్దానికి అంటించి జరిగేదంతా రికార్డు చేసే కెమెరా, పెట్టించాను. కెమెరా 3,800 రూపాయలు. మా బండిలో ఛార్జింగ్ సాకెట్ లేదు కాబట్టి ఎలక్ట్రీషియన్ ఫ్యూజ్ బాక్స్ నుంచి వైరు లాగి 400 తీసుకున్నాడు. కొనే ముందు వీడియోలు చాలా చూశాను. అందరూ బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చెప్పారు, వైఫై ఎంత వేగమో చెప్పారు. రోడ్డు మీద పోలీసులు ఆపినప్పుడు ఇది ఎంతవరకు పనికొస్తుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నేను కొన్నదే అందుకు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా నాన్న కూడా పూల బండే నడిపాడు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకునేవాడు. ఆర్‌సీకి, ఇన్సూరెన్స్‌కు మధ్య ఎప్పుడూ ఒక వంద నోటు మడిచి ఉండేది. చిన్నప్పుడు అది కూడా బండి కాగితమే అనుకునేవాణ్ణి. పూలకు టైమే ప్రాణం. ఐదింటికి చేరిన చామంతికి ఒక ధర, ఆరున్నరకు చేరితే ఇంకో ధర. మంచులో తడిసిన మూటలను గంటసేపు రోడ్డు పక్కన ఆపితే లోపల వేడి పుట్టి రెక్కలు రాలిపోతాయి. ఇది తెలిసినవాళ్లకు మనల్ని అడగాల్సిన పనే ఉండదు, "ఆగు, సార్ వస్తాడు" అని పక్కన నిలబెడితే చాలు. మనమే జేబులో చెయ్యి పెడతాం. నేనూ పెట్టాను. రెండేళ్ల కింద ఒక కూడలిలో తాళం చెవి గుంజుకుని నలభై నిమిషాలు నిలబెట్టారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి 700 ఇచ్చి తాళం తీసుకున్నాను. రసీదు లేదు, పేరు తెలియదు, నేమ్ ప్లేట్ మీద స్వెటర్ ఉంది. ఆ రోజు బంతి మూటలు సగం ధరకు పోయాయి. 700 కంటే ఆ నలభై నిమిషాలు "ఏయ్, నువ్వు" అని పిలిపించుకుంటూ చేతులు కట్టుకుని నిలబడ్డమే ఇప్పటికీ గుర్తుంది.

కెమెరా వచ్చాక జరిగిన సంగతి ఇది. కార్తీక మాసం, నాలుగు కావస్తోంది. తనిఖీలో ఆపారు. కిటికీ దించి ఇంజిన్ ఆఫ్ చేశాను, లోపల లైటు వేశాను.

"పర్మిట్ ఏదిరా?"

"సార్, ఈ బండికి పర్మిట్ అక్కర్లేదు సార్. మొత్తం బరువు 3,000 కిలోల లోపు."

"ఎవడు చెప్పాడు?"

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 66 ఉంది. సరుకు బండికి పర్మిట్ ఉండాలని చెప్పేది అదే సెక్షన్. అందులోనే మూడో ఉపసెక్షన్‌లో మినహాయింపు ఉంది: సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. నా ఆర్‌సీలో ఆ బరువు 1,550 కిలోలు. ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకున్నాను, ఇచ్చాను. ఆయన చదవలేదు. లైసెన్స్ అడిగాడు.

"ఇందులో ట్రాన్స్‌పోర్ట్ అని లేదు కదా."

దీనికీ జవాబు ఉంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తోనే ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపొచ్చు, లైసెన్స్ మీద ట్రాన్స్‌పోర్ట్ అని వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. అది చెబుతుండగా ఆయన కళ్లు అద్దం మీద ఉన్న ఎర్ర చుక్క మీద పడ్డాయి.

"అది కెమెరానా? ఆడియో కూడా వస్తుందా?"

"వస్తుంది సార్. తాళం తిప్పితే దానంతట అదే ఆన్ అవుతుంది. ఇంజిన్ ఆపినా మనమే తీసేదాకా నడుస్తుంది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట ఇది: "సరే, మీరు వెళ్లండి."

ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్నది ఆ "మీరు" గురించే. బొమ్మ, రిజల్యూషన్ అన్నీ దాని తర్వాతే. "ఏదిరా"తో మొదలైన మాట మూడు నిమిషాల్లో "మీరు" దగ్గరకు వచ్చింది. నా మాట కూడా మారిందని క్లిప్ మళ్లీ చూసినప్పుడు గమనించాను. గొంతు వణకలేదు, కోపమూ రాలేదు. రికార్డు అవుతోందని తెలిస్తే మన నోరు కూడా అదుపులో ఉంటుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఫోన్‌కు చలానా వచ్చింది, పర్మిట్ లేదని. ఫోటోలో నా బండి, నా వెనుక లైట్లు. ఆ రోజు రాత్రి క్లిప్, ఆర్‌సీ కాపీ, సెక్షన్ 66 పేజీ జతచేసి పై ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. నాలుగే వాక్యాలు రాశాను: తేదీ, టైము, ఏం అడిగారు, చట్టంలో ఏముంది. ఎవరినీ తిట్టలేదు. పంతొమ్మిది రోజులకు పెండింగ్ లిస్టులోంచి అది పోయింది. జవాబు రాలేదు. ఎందుకు తీసేశారో, వేసినవాళ్లను అడిగారో లేదో నాకెవరూ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తప్పు చలానా తీసేస్తే నా డబ్బు మిగులుతుంది. అదే కూడలిలో రేపు ఇంకో పూల బండిని పర్మిట్ అడగకుండా ఉండాలంటే అడిగినవాళ్లకు ఆ సంగతి చేరాలి కదా.

ఇక వస్తువు సంగతి. పగలు బొమ్మ బాగుంది. రాత్రి ఎదుటి బండి హెడ్‌లైట్ పడితే నంబర్ ప్లేట్ తెల్లగా వెలిగిపోయి అంకెలు కనబడవు. దీనికి రెండు లెన్సులు, ఒకటి ముందు రోడ్డు వైపు, ఒకటి బండి లోపలి వైపు. కిటికీ పక్కన నిలబడ్డ మనిషి రోడ్డు వైపు లెన్స్‌లో రాడు. లోపలి లెన్స్‌లో భుజం, చెయ్యి, టార్చి వస్తాయి. ముఖం రాకపోయినా మాట మాత్రం శుభ్రంగా వస్తుంది, అందుకే ఆడియో లేని మోడల్ కొనకండి. లోపలి లైటు వేయడం మరిచిపోవద్దు. అది లేకుంటే లోపలి లెన్స్‌లో చీకటి తప్ప ఏమీ ఉండదు. ఇంట్లో ఆడవాళ్లు బండిలో ఉన్న రోజు నేను లోపలి లెన్స్ మీద చిన్న గుడ్డ వేస్తాను.

పెద్ద లోపం గడియారం. మేలో బ్యాటరీ మార్చినప్పుడు తారీఖు జనవరి ఒకటికి వెళ్లిపోయింది. నేను చూసుకోలేదు. మూడు వారాల రికార్డింగ్ అంతా తప్పు తారీఖుతో ఉంది. ఆ మధ్యలో ఏదైనా జరిగి ఉంటే నా చేతిలో ఉన్న ఆధారాన్ని ఎవరు నమ్మేవారు? ఇప్పుడు ప్రతి సోమవారం ఫోన్ టైముతో పోల్చి చూస్తున్నాను. అదే ఎండలకు అద్దం మీద అంటించిన జిగురు ఊడింది. దాని బదులు మెకానిక్ దగ్గర దొరికే డబుల్ టేపు వేశాను, నిలిచింది.

రెండో లోపం, పాత ఫైల్ మీద కొత్తది ఎక్కడం. 64 జీబీ కార్డులో నాకు ఆరేడు గంటలే నిలుస్తోంది. అంటే రాత్రి జరిగింది మర్నాడు ట్రిప్పు అయ్యేసరికి చెరిగిపోవచ్చు. కెమెరా పక్కన లాక్ బటన్ ఉంటుంది. పోలీసులు ఆపగానే, ఆ ఫైల్ చెరగకుండా అది నొక్కాలి. నేను మొదటి రెండు నెలలు నొక్కలేదు. క్లిప్‌ను వాట్సాప్‌లో పంపుకుని అదే దాచుకుంటే కూడా సరిపోదు. అది కుదించిన కాపీ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం కోర్టులో డిజిటల్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, దానిలో ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారితే మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అందుకే అసలు కార్డు తీసి కవర్‌లో వేసి పైన తేదీ రాసి పెడతాను. మామూలు రోజులకు ఇంకో కార్డు ఉంది.

ఈ కెమెరా మన తప్పు కూడా పట్టిస్తుంది. నా పాత క్లిపుల్లో నేను సీటు బెల్టు పెట్టుకోని రోజులు చాలా ఉన్నాయి. పోలీసుల మీద ఫిర్యాదుకు జతచేసే వీడియోలో మన బెల్టు లేకపోతే ముందు దానికే జవాబు చెప్పాలి. ఇప్పుడు పెట్టుకుంటున్నాను.

కాగితాలు ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకుంటారా అని చాలామంది డ్రైవర్లు అడుగుతారు. ఒప్పుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమాన్ని 2018 నవంబర్‌లో సవరించారు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్‌లను కాగితం రూపంలోనైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపొచ్చు. ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో పెట్టుకుంటే చాలు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే మాత్రం చూపించి తీరాలి, అది మన బాధ్యత. 2020 అక్టోబర్ 1 నుంచి వచ్చిన మార్పు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: తనిఖీ చేసిన తేదీ, టైము, చేసిన అధికారి ఎవరన్నది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. అంటే ఆపిన లెక్క నా కెమెరాలోనే కాదు, వాళ్ల దగ్గర కూడా ఉండాలి. నేను ఎవరినైనా "సార్, ఎంట్రీ చేశారా" అని అడిగితే చాలామంది ముఖం చూసి ఊరుకున్నారు. ఒక్కాయన మాత్రం ట్యాబ్ తిప్పి చూపించాడు.

కాగితం తీసుకుంటే రసీదు ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 206 చెబుతుంది. బండినే ఆపేసుకోవడానికి సెక్షన్ 207లో కారణాలు రాసి ఉన్నాయి, అక్కడ కూడా బండికి బదులు ఆర్‌సీ తీసుకుని రసీదు ఇచ్చే దారి ఉంది. తాళం చెవి గుంజుకోమని నేను చదివినంతలో ఎక్కడా లేదు. ఇంకోటి, 2019 సవరణలో సెక్షన్ 210బి అని చేర్చారు. ఈ చట్టాన్ని అమలు చేసే అధికారే చట్టం తప్పితే మామూలు జరిమానాకు రెట్టింపు పడుతుంది. ఇది కూడా ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు, చూపించి రెచ్చగొట్టాలని లేదు.

మంచివాళ్ల గురించి రాయకపోతే తప్పవుతుంది. ఫిబ్రవరిలో టైరు పంక్చరై చీకట్లో జాకీ వేస్తుంటే ఒక కానిస్టేబుల్ అన్న తన బైకు అడ్డం పెట్టి, వెనుక వచ్చే లారీలకు ఇరవై నిమిషాలు టార్చి ఊపాడు. ఆ క్లిప్ కూడా లాక్ చేసి దాచాను. పేరు కనబడింది కాబట్టి ఆ స్టేషన్‌కు ఉత్తరం రాశాను. పదకొండేళ్లలో పోలీసుల గురించి నేను రాసిన మొదటి ఉత్తరం అదే.

కొనొచ్చా అని అడిగితే, కొనండి. ఆడియో, రెండు లెన్సులు, లాక్ బటన్ ఉన్నది చూసి తీసుకోండి, 128 జీబీ కార్డు వేయించండి. నేను ఐదుకు నాలుగు ఇస్తాను, ఒకటి ఆ గడియారానికి తగ్గించాను. వచ్చే నెల మా తమ్ముడి బండికీ పెట్టిస్తున్నాను. నాన్న ప్లాస్టిక్ కవర్ ఇంకా నా డాష్‌బోర్డులోనే ఉంది. ఆర్‌సీకి, ఇన్సూరెన్స్‌కు మధ్య ఇప్పుడు సెక్షన్ 66 కాగితం మడిచి ఉంటుంది. తమ్ముడికి కూడా ఒక జిరాక్స్ తీశాను.