బ్యాటరీ మార్చే ముందు ఈ మీటర్ కొనండి

నాలుగైదు వందల రూపాయలకు దొరికే పసుపురంగు డిజిటల్ మల్టీమీటర్ ఇది. రాజోలులో మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాం. కారు బ్యాటరీ పదేపదే దిగిపోయేవారికి ఇంతకంటే మంచి కొనుగోలు నాకు తెలియదు.

మా బాబాయి కారు నాలుగు రోజులు కదపకపోతే సెల్ఫ్ తీసుకునేది కాదు. బ్యాటరీ మార్చినా అదే తంతు. ఈ మీటర్ పెట్టి చూస్తే ముందురోజు సాయంత్రం 12.6 వోల్ట్లు, అంటే నిండుగా ఉంది. ఇంజన్ నడుస్తుండగా 14.2. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.5 దాకా ఇస్తే సరిపోతుంది కాబట్టి దానికీ దోషం లేదు. ఇక మిగిలింది ఒక్కటే: కారు నిద్రపోతున్నప్పుడు కరెంటు ఎవరో తాగేస్తున్నారు.

దీన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి. నెగటివ్ క్లాంపు ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టి కలపాలి. తాళం చెవి దూరంగా ఉంచాలి. తలుపు తెరిచి ఉంచి, దాని లాచ్‌ను మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసేస్తే కారు తలుపు వేసి ఉందనుకుంటుంది. తర్వాత అరగంట ఆగాలి, ఎందుకంటే లోపలి కంప్యూటర్లు వెంటనే పడుకోవు. ఆరోగ్యంగా ఉన్న కారు 0.02 నుంచి 0.05 ఆంపియర్లు తీసుకుంటుంది. మాది 0.37 చూపించింది. 35 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలకు సరిపడా కరెంటు) పట్టే బ్యాటరీకి అది రోజుకు 9 ఆంపియర్-అవర్ల దాకా నష్టం. నాలుగు రోజుల లెక్క అక్కడే తేలిపోయింది.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకితే పడుకున్న కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి. అందుకే ఈ మీటర్‌లో నాకు బాగా నచ్చింది 200 మిల్లీవోల్ట్ల రేంజి. ఫ్యూజు వెనుక కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటర్ వైర్ల ముళ్లు ఆనిస్తే చాలు. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 0.1 మిల్లీవోల్ట్ అంటే సుమారు 13 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. మ్యూజిక్ సిస్టమ్ ఫ్యూజు మీద 2.6 మిల్లీవోల్ట్లు వచ్చింది. తర్వాత బిగించిన సిస్టమ్ అది. తాళం లేకుండా పాటలు రావాలని బిగించినవారు తాళం తిప్పితేనే కరెంటు అందాల్సిన ఎరుపు వైరును ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుతో కలిపేశారు. విడదీశాక కారు తీసుకునే కరెంటు 0.03 ఆంపియర్లకు దిగింది.

మా గోదావరి డెల్టాలో ఇంకో రెండు సంగతులు చూడాలి. సముద్రపు గాలికి, తేమకు టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుంటుంది. బ్యాటరీ పైభాగం మీద ఒక ముల్లు, నెగటివ్ మీద ఇంకోటి పెడితే వోల్టేజి చూపిస్తుందంటే ఆ మురికి గుండానే కరెంటు కారుతోంది. వంట సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఇక నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) కోసం ఇంజన్ ఆపి, ఫ్యానూ పాటలూ పెట్టుకుని కూర్చునేవారు ఆ తర్వాత నాలుగు కిలోమీటర్లు నడిపితే ఖర్చయినది తిరిగి ఎక్కదు.

లోపాలూ ఉన్నాయి. వైర్లు పొట్టి, ముళ్లకు ఏడాదిలోనే తుప్పు. లోపలి 9 వోల్ట్ల బ్యాటరీ నీరసిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి తప్పుదారి పట్టిస్తుంది. 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజే లేదు. అందులో వైరు ఉండగా బ్యాటరీ రెండు టెర్మినళ్లూ ముట్టిస్తే నిప్పురవ్వలే. కొలత అవగానే వైరును వోల్ట్ల రంధ్రంలోకి మార్చండి, కొలుస్తున్నంతసేపూ సెల్ఫ్ జోలికి పోవద్దు. బ్యాటరీ సత్తాను పూర్తిగా ఇది చెప్పలేదు. క్లాంపు తిరిగి బిగించి, మీటర్‌ను వోల్ట్లలో పెట్టి సెల్ఫ్ కొడితే 9.6కన్నా కిందికి పడుతుందేమో చూసి, అనుమానం ఉంటే షాపులో లోడ్ పరీక్ష చేయించాలి.

కారును ఊళ్లో వదిలి నెలల తరబడి హైదరాబాదులో ఉండేవారికి ఒక మాట. 0.03 ఆంపియర్లు కూడా నెలకు దాదాపు 22 ఆంపియర్-అవర్లు లాగుతుంది. వెళ్లేముందు నెగటివ్ క్లాంపు ఊడదీసి వెళ్లండి.