రబ్బరు సోల్ వేడింగ్ బూట్లు: ఐదేళ్లయ్యాక నా మాట కొంచెం మారింది

నదిలో దిగి చేపలు పట్టేటప్పుడు వేసుకునే ఈ వేడింగ్ బూట్లు 2020లో కొన్నాను. మొదటి ఏడాది వీటిని నేను తెగ పొగిడితే ఆ మాట నమ్మి మావాళ్లు ముగ్గురు కొనుక్కున్నారు, అందుకే ఇప్పుడు ఇది రాయడం నా బాధ్యత అనిపిస్తోంది. అప్పుడు చెప్పింది అబద్ధం కాదు గానీ సగమే చెప్పాను. నేను పొగిడిందంతా గట్టు మీద సంగతి. నీళ్లలో సంగతి తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

బరువెంత, లేసులెలా ఉన్నాయి, సైజు ఒకటి ఎక్కువ తీసుకోవాలా (తీసుకోవాలి, లోపల వేడర్స్‌కి, అంటే గుండెల దాకా వేసుకునే నీళ్లు దిగని ప్యాంటుకి, అతికి ఉన్న మందపాటి సాక్స్ పట్టాలి కదా) ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, నేను మాట్లాడేది ఒక్క సోల్ గురించే. కంపెనీ పేరు కూడా రాయను. వేరేవాళ్లవి రెండు జతలు అడిగి వేసుకుని చూశా, రబ్బరు సోల్ అయితే చాలు, నాచు మీద అన్నిటిదీ ఇదే కథ.

నేను ఎక్కువగా వెళ్లేది కొలరాడోలో డెన్వర్‌కి నైరుతిగా ఉన్న సౌత్ ప్లాట్ నదికి, అందులోనూ చీజ్‌మన్ కాన్యన్ అనే ఇరుకు లోయకి. దాని ఎగువన 1905లో కట్టిన డ్యామ్ ఉంది, ఆ డ్యామ్ కింద నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి, చలికాలంలో చాలామటుకు గడ్డకట్టవు, అందుకే ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప ఏడాది పొడుగునా మేస్తూనే ఉంటుంది, మనమూ ఏడాది పొడుగునా వెళ్లొచ్చు. కాకపోతే కారు దిగగానే నది ఉండదు. గిల్ ట్రైల్ పట్టుకుని ఒక అరగంట కొండవాలు మీద నడవాలి, నది కనబడ్డాక కూడా ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకి వెళ్లాలంటే ఇంటంత బండల మధ్య ఎక్కుతూ దిగుతూ పోవాలి. అక్కడి గ్రానైట్ పొడిపొడిగా రాలే రకం, 2002లో హేమన్ కార్చిచ్చుకి కొండల మీద చెట్లు పోయాక వానలకి ఆ పొడంతా కొట్టుకొచ్చి నదిలో కూడా చేరింది. దారి మీద ఆ గుల్లరాయి పొడి ఉన్నచోట నడుస్తుంటే నేల మీద జొన్నలు పోసినట్టుంటుంది.

ఆ దారిలో ఈ రబ్బరు సోల్ అద్భుతం, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ట్రెక్కింగ్ షూలాగా పట్టుకుంటుంది. మంచులో ఇంకా బాగుంటుంది. నాతో వచ్చే వరంగల్ తమ్ముడివి ఫెల్ట్ సోల్ బూట్లు, అంటే అడుగున దళసరి కంబళి ముక్కలాంటిది ఉంటుంది. జనవరిలో తడిసిన ఫెల్ట్‌తో మంచు మీద నాలుగడుగులు వేస్తే చాలు, కింద మంచు ముద్దకట్టి పోతుంది, పది అడుగులకి ఒకసారి ఆగి బండకేసి కొట్టుకోవాలి, లేకపోతే మడమ మెలిపడుతుంది. వాడు అలా కొట్టుకుంటుంటే నేను ముందు నడుస్తూ పోయేవాణ్ని. మొదటి ఏడాది నేను పొగిడింది ఇదీ.

ఇక అసలు విషయం.

2021 నవంబర్. అప్పుడు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, ఆడచేప తోకతో గులకరాళ్లు తోడి గుంట చేస్తుంది, చుట్టూ రాళ్లన్నీ నాచుతో గోధుమరంగులో ఉంటే ఆ ఒక్క జాగా మాత్రం కడిగిన పళ్లెంలా తేటగా కనబడుతుంది. దాని మీద అడుగు పడితే గుడ్లన్నీ పోతాయి. ఆ రోజు నేను దాటాల్సిన చోట సరిగ్గా మధ్యలో అలాంటిదొకటి ఉంది. నీళ్లు మోకాలి పైదాకా ఉన్నాయి, అవతల ఒక బండ వెనక సుడి అంచున మంచి రెయిన్‌బో ట్రౌట్ ఒకటి నోరు తెల్లగా తెరుస్తూ మూస్తూ మేస్తోంది, నా దగ్గర ఇరవై రెండో సైజు నల్ల మిడ్జ్, అంటే దోమలాంటి పురుగులా కనబడే బుల్లి గాలం, కట్టి ఉంది, దానికి అందేలా వెయ్యాలంటే ఇంకో ఆరడుగులు ముందుకెళ్లాలి. గులకరాళ్ల మీద నుంచి వెళ్తే కాలు భేషుగ్గా నిలబడేది, కానీ గుడ్లున్నాయి కాబట్టి చుట్టూ తిరిగి ఏటవాలుగా ఉన్న ఒక పలక మీద కాలు పెట్టాను.

మాది కొవ్వూరు, గోష్పాదం రేవు మెట్ల మీద పెరిగినవాణ్ని, పాచి అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ చిన్నప్పుడు వట్టికాళ్లతో దిగేవాళ్లం, వేళ్లతో తడిమి పట్టు దొరికాకే బరువు వేసేవాళ్లం. ఈ బూట్లలో అది కుదరదు. కాలికి ఏమీ తెలియదు, పట్టు ఉందో లేదో సోల్ చెప్పాలి, ఆ సోల్ నాచు మీద ఏమీ చెప్పదు. జారడం మొదలైందని తెలిసేసరికే ఎడమ తుంటి పలకకి కొట్టుకుంది, రెండో క్షణం గుండెల దాకా నీళ్లు. నాలుగైదు డిగ్రీల నీళ్లు మెడలో నుంచి వేడర్స్ లోపలికి దిగుతుంటే ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు, అరుద్దామన్నా గొంతు రాదు. పైన నుంచి తమ్ముడు అరుస్తున్నాడు, "అన్నా, రాడ్ ఇడిసిపెట్టు, చెయ్యి ఇయ్యి!" అని. రాడ్ వదల్లేదు నేను, వదలాల్సింది. ఒక ఇరవై అడుగులు కొట్టుకుపోయాక కాళ్లు ఇసకలో ఆనాయి. నడుముకి బెల్ట్ గట్టిగా కట్టి ఉంది కాబట్టి నీళ్లు కాళ్లలోకి పెద్దగా దిగలేదు, అది లేకపోతే లేచి నిలబడేవాణ్ని కాదు అని నా నమ్మకం. దయచేసి బెల్ట్ లేకుండా ఎవరూ దిగొద్దు.

తర్వాత తడిబట్టలతో అరగంట ఎక్కుడు. కారు హీటర్ ముందు కూర్చున్నాక కూడా లేసు ముడి విప్పడానికి వేళ్లు రాలేదు, తమ్ముడే విప్పాడు. విప్పుతూ తన ఫెల్ట్ బూటు నాకు చూపించి, "గీ రాయి మీద నేను కూడా నడిచిన అన్నా, నాకేం గాలే" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు గానీ నాకు ఆ బూట్ల మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నదిలో నడవడానికి చేసిన బూట్లు ఇవి! కొండ మీద బాగుండటానికి నాకు వేరే బూట్లున్నాయి.

ఇంటికొచ్చి బూట్లు తిరగేసి చూస్తే సోల్ మీద అక్కడక్కడ చిన్న చిన్న గుండ్రాలున్నాయి. డిజైన్ అనుకున్నా ఇన్నాళ్లూ. అవి స్టడ్స్ అనే మేకులు బిగించే చోట్లంట. షాపులో అమ్మిన మనిషి ఒక్క మాట చెప్పలేదు, డబ్బాలో కాగితం లేదు, స్టడ్స్ విడిగా కొనుక్కోవాలి, నాకైతే నలభై డాలర్ల దాకా అయింది. నా అసలు ఫిర్యాదు ఇదే. రబ్బరు ఒక్కటే నాచు మీద పట్టదని తయారుచేసేవాళ్లకి తెలుసు, లేకపోతే ఆ గుండ్రాలు ఎందుకు పెడతారు? తెలిసినప్పుడు ఓ గుప్పెడు డబ్బాలో వేసి ఇవ్వొచ్చు కదా. పడవల్లో తిరిగేవాళ్లకి స్టడ్స్ వద్దు, అందుకే విడిగా అమ్ముతారని తర్వాత ఒకాయన వివరించాడు. అది నిజమే, ఒప్పుకుంటా. కానీ కనీసం చెప్పాలి.

స్టడ్ అంటే ముక్కు దగ్గర టంగ్‌స్టన్ కార్బైడ్ ఉన్న పొట్టి మేకు, మరలాగా తిరుగుతుంది. డ్రిల్ మెల్లగా పెట్టి ఒక్కో బూటుకి పన్నెండు బిగించాను, వేళ్ల కింద అంచుల్లో కొన్ని, మడమ చుట్టూ కొన్ని. మొదట పాదం మధ్యలో కూడా రెండు వేశా, రోజంతా నిలబడితే అక్కడే గుచ్చుకున్నట్టు ఉంది, తీసేశా.

డిసెంబర్‌లో మళ్లీ అదే చోటికి వెళ్లాం. కావాలనే అదే పలక మీద, ఈసారి కర్ర ఒకటి అవతలికి ఆనించి, కాలు పెట్టాను. కర్ర్... అని చిన్న చప్పుడు, అంతే, కాలు అక్కడే ఉంది. బరువంతా వేశా. అక్కడే ఉంది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఒక పెద్ద చేప పడ్డప్పుడు కూడా కలగలేదు. ఏడాదిన్నరగా నదిలో ప్రతి అడుగూ కిందకి చూస్తూ వేసేవాణ్ని, ఆ రోజు మొదటిసారి తలెత్తి నీళ్లు చూశాను, ఎక్కడ ఏ చేప ఏం తింటోందో చూశాను. ఆ సాయంత్రం ఆ బండ వెనకే ఒకటి పడింది, పదహారు అంగుళాలు ఉంటుంది, వలలోనే నీళ్లలో ఉంచి హుక్ తీసి వదిలేశా, కాన్యన్‌లో పట్టినవన్నీ వదిలేయాలి, రూల్ అది. పులుసు సంగతి అడిగే బంధువులందరికీ ఇదే సమాధానం చెబుతుంటా.

అయితే స్టడ్స్ పెట్టాక అంతా బాగైపోయిందని రాస్తే మళ్లీ సగమే చెప్పినట్టవుతుంది. పొడిగా, నున్నగా ఉన్న పెద్ద గ్రానైట్ బండల మీద స్టడ్స్ జారతాయి, ఇనుము ఇనుము మీద జారినట్టు, అంటే ఇంతకుముందు రబ్బరు ఎక్కడ బ్రహ్మాండంగా ఉండేదో అక్కడ ఇప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మొదటి సీజన్‌లోనే ఇరవై నాలుగులో అయిదు ఊడిపోయాయి, ఇప్పుడు బిగించేముందు రంధ్రంలో కొంచెం వేడర్ రిపేర్ గ్లూ పెడుతున్నా, అప్పట్నుంచి ఏడాదికి ఒకటో రెండో. లోతు తక్కువ, నీళ్లు నిదానంగా ఉన్నచోట ఆ గీకుడు చప్పుడుకి చేపలు బెదురుతాయని నాకు గట్టి అనుమానం, అలాంటి చోట గట్టు మీద నుంచే వేస్తా. తెప్పల్లో ఎక్కనివ్వరు, ఒకసారి గైడ్‌తో రాఫ్ట్ ట్రిప్‌కి వెళ్తే బూట్లు చూసి మార్చుకోమన్నాడు, రబ్బరు తెప్పకి చిల్లులు పడతాయి మరి, తప్పు ఆయనది కాదు. తమ్ముడి స్నేహితుడొకడు స్టడ్స్ బదులు అల్యూమినియం బార్లు బిగించుకున్నాడు, అల్యూమినియం మెత్తది కాబట్టి రాయిని ఇంకా బాగా కరుచుకుంటుంది, ఒక పూట వేసుకుని చూశా, నీళ్లలో నా స్టడ్స్ కన్నా బాగున్నాయి, కానీ వాటితో అరగంట కొండదారి నడవడం నా వల్ల కాలేదు.

మరి అంత బాధ ఎందుకు, ఫెల్టే కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లో కూడా అడిగారు. కొలరాడోలో ఫెల్ట్ వేసుకోవచ్చు. కానీ ఎల్లోస్టోన్ పార్కులో 2018 నుంచి నిషేధం, మేం రెండేళ్లకోసారి పిల్లలతో అక్కడికి వెళ్తాం, 2023లో వెళ్లినప్పుడు తమ్ముడు తన బూట్లు కారులోనే వదిలేసి ఇంకో జత అద్దెకి తీసుకున్నాడు. న్యూజిలాండ్ 2008లోనే ఆపేసింది, అక్కడ డిడిమో అనే నాచు నదుల్లో రాళ్లని తడి దూదిలా కప్పేస్తుంటే, ఆరకుండా తేమ పట్టుకుని ఉండే ఫెల్ట్‌తో అది ఒక నది నుంచి ఇంకో నదికి పోతుందని భయం. అలాస్కా 2012లో ఆపింది. వెర్మాంట్ మాత్రం నిషేధం పెట్టి మళ్లీ ఎత్తేసింది. డిడిమో అలా దట్టంగా పెరగడానికి నీళ్లలో ఫాస్ఫరస్ తక్కువవడం కారణమని, చాలాచోట్ల అది ముందునుంచే ఉందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. ఎవరు రైటో తేల్చేంత చదువు నాకు లేదు. అయినా నాచు ఒక్కటే కాదు, న్యూజిలాండ్ నత్తలని బియ్యపు గింజ కన్నా చిన్నవి ఉన్నాయి, మా వైపు కొన్ని ఏరుల్లో ఇప్పటికే చేరిపోయాయి, మగది లేకుండానే పిల్లలు పెడతాయి, ఒక్కటి కొత్త నదిలో పడినా చాలు. అందుకని ఒక్క విషయం మాత్రం మానను, ఇంకో నదికి వెళ్లేముందు బూట్లు బ్రష్ పెట్టి కడిగి, కవర్లో కట్టి రాత్రంతా గరాజ్‌లో ఉన్న డీప్ ఫ్రీజర్‌లో పెడతా, గడ్డకట్టే చలికి అవి చచ్చిపోతాయి. మా ఆవిడ ఫ్రీజర్‌లో కింది అర దీనికే వదిలేసింది, పై అరలో గోంగూర, ములక్కాడలు. రబ్బరు సోల్ అయితే తెల్లారి తీసి తుడిస్తే ఆరిపోతుంది, ఫెల్ట్ అయితే రెండు రోజులు పడుతుంది, ఈ లెక్కలో రబ్బరే నాకు నయం.

మిగతావి టూకీగా. ఏడాదికి సుమారు నలభై రోజులు వాడాను, పై భాగం ఇప్పటికీ గట్టిగానే ఉంది. నాలుగో ఏడాది ఎడమ బూటు ముందు సోల్ నోరు తెరిచింది, గ్లూ పెట్టి క్లాంప్ వేసి రెండు రోజులు వదిలేస్తే అతుక్కుంది, ఇప్పుడు మళ్లీ కొంచెం లేస్తోంది.

మళ్లీ కొంటానా అంటే కొంటా, కానీ నా పరిస్థితి వేరు అని గుర్తుపెట్టుకోండి. నాకు నలభై ఆరేళ్లు, ఎనభై రెండు కిలోలు, ఆ పడ్డప్పటి నుంచి ఎడమ తుంటి చలికి సలుపుతుంది, నేను వెళ్లేవి నడిచి వెళ్లాల్సిన నదులు, ఎల్లోస్టోన్ కూడా వెళ్లాలి. కారు దిగగానే నీళ్లలోకి దిగేవాళ్లయితే, మంచులో నడవని వాళ్లయితే, మీ రాష్ట్రంలో నిషేధం లేకపోతే, శుభ్రంగా ఆరబెట్టుకునే ఓపిక ఉంటే, తమ్ముడి లాగా ఫెల్టే తీసుకోండి, నేను వాదించను. పడవలోనే తిరిగేవాళ్లకి ఉత్త రబ్బరు చాలు.

నా మాట విని కొన్న ముగ్గురిలో ఇద్దరి ఇళ్లకి డ్రిల్ పట్టుకెళ్లి నేనే స్టడ్స్ బిగించి వచ్చాను. మూడో ఆయన డాలస్ వెళ్లిపోయారు, బూట్లు గరాజ్‌లో అట్టపెట్టెలో ఉన్నాయన్నారు. ఎప్పుడైనా ఇటు చేపలకి వస్తే నదికి వెళ్లేముందు మా ఇంటికి రమ్మని చెప్పా, ఆయన కోసం ఒక ప్యాకెట్ కొని పెట్టి ఉంచాను.