క్యాంపర్ వ్యాన్‌లో వంద లీటర్ల మంచినీళ్ల ట్యాంకు: చాలాకాలం వాడాక

ముందు అసలు మాట: వ్యాన్ ట్యాంకులో నీళ్లు భేషుగ్గా తాగొచ్చు. కాకపోతే ఏ నీళ్లు పోస్తున్నారు, ఫిల్టరు ఎక్కడ బిగించారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ట్యాంకు ఏ కంపెనీది, పంపు ఏ కంపెనీది అన్నది తర్వాతి సంగతి. మనవాళ్లు చాలామంది వాటర్ ప్లాంటులో ఆర్వో నీళ్లు పట్టి ట్యాంకు నింపుతారు, ట్యాంకులోకి పోయే పైపుకే కార్బన్ ఫిల్టరు తగిలిస్తారు. శుభ్రం కోసం చేసే ఈ రెండు పనులే నీళ్లను పాడుచేస్తాయి.

ఎందుకో చెప్తా. మున్సిపల్ కుళాయి నీళ్లలోనూ, మిషన్ భగీరథ నల్లా నీళ్లలోనూ సరిగ్గా శుద్ధి చేసి వదిలితే కాస్త క్లోరిన్ మిగిలి ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. నిలవ ఉన్న నీటికి కాపలా అదే. ఆర్వో ప్లాంటులో క్లోరిన్ తగిలితే మెంబ్రేన్, అంటే వడపోత పొర, పాడవుతుంది కాబట్టి, ముందే కార్బన్‌తో దాన్ని తీసేస్తారు. అంటే క్యాన్‌లోకి వచ్చేసరికి ఆ నీళ్లకి ఏ కాపలా లేదు. మూత తీసిన క్యాన్ ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేస్తే ఇబ్బంది లేదు. అదే నీళ్లు గొట్టం గుండా, ధూళి తగిలిన మూతి గుండా ట్యాంకులోకి పోయి, మే నెల ఎండలో బండిలో వేడెక్కుతూ వారం కూర్చుంటే గోడలకి పాకుడు పట్టడం ఖాయం. పట్టిందో లేదో చూడాలంటే ట్యాంకు లోపలి గోడని వేలితో రుద్దండి. జారుతూ జిగురుగా తగిలితే పట్టినట్టే, నీళ్లు అద్దంలా తేటగా కనిపించినా సరే. నింపే పైపుకి కార్బన్ ఫిల్టరు పెడితే జరిగేదీ ఇదే. ఉన్న క్లోరిన్‌ని గుమ్మం దగ్గరే ఆపేసి, నీళ్లని ఒంటరిగా లోపలికి పంపినట్టవుతుంది.

కాబట్టి క్లోరిన్ ఉన్న నీళ్లే ట్యాంకులోకి పోవాలి, ఆ వాసన తాగే కుళాయి దగ్గర పోవాలి. నింపేటప్పుడు ఫిల్టరు పెట్టి తీరాలనుకుంటే మడ్డిని ఆపే సెడిమెంట్ క్యాండిల్ ఒక్కటి చాలు.

ఇక మా అమరిక. పెద్ద డీజిల్ వ్యాన్, వెనక సీటు పెట్టె కింద ఫుడ్ గ్రేడ్ పాలిథీన్ ట్యాంకు, 12 వోల్టుల డయాఫ్రం పంపు, సింకు కింద పది అంగుళాల ఫిల్టరు గిన్నెలు రెండు, పది లీటర్ల గీజరు. తిరిగేది ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీదే.

ట్యాంకు కొనేటప్పుడు లీటర్ల కన్నా ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది, చెయ్యి పట్టే మూత. కనీసం 150 మిల్లీమీటర్ల తనిఖీ మూత లేని ట్యాంకు ఎంత చవకగా వచ్చినా వద్దు. ఒకసారి పాకుడు పట్టిందంటే మందు పోసి కదిపితే పూర్తిగా వదలదు, గుడ్డ పెట్టి తుడవాల్సిందే. రెండోది, వెలుతురు చొరని రంగు. పాలలాంటి తెల్ల ట్యాంకు కిటికీ పక్కన ఉంటే నాచు పడుతుంది. తెల్లదే దొరికితే నల్ల రేకో మందపాటి గుడ్డో చుట్టేయండి. మూడోది, అడుగున డ్రెయిన్ వాల్వు. పంపుకి పోయే మూతి సాధారణంగా అడుగు నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన ఉంటుంది. దాని కింద మిగిలిన నీళ్లలోనే మడ్డంతా చేరుతుంది. డ్రెయిన్ వాల్వు అన్నిటికన్నా పల్లంలో లేకపోతే ఆ మడ్డి ఎప్పటికీ బయటికి రాదు.

వంద లీటర్లంటే వంద కిలోలు. ట్యాంకు వెనక ఇరుసుకి ముందు వైపో సరిగ్గా దాని మీదో ఉండాలి. ఇరుసు దాటి బాగా వెనక్కి పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి, ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోతుంది. సగం నిండిన ట్యాంకు మలుపుల్లో ఎలాగూ ఊగుతుంది, పట్టీలు గట్టివి వేయించండి.

గాలి గొట్టాన్ని బిగించేవాళ్లు దాదాపు అందరూ నిర్లక్ష్యం చేస్తారు. నింపే మూతి ఎంత ఎత్తులో ఉందో గాలి గొట్టం కొస కూడా అంత ఎత్తులో ఉండాలి, మధ్యలో ఎక్కడా వేలాడి వంపు తిరగకూడదు. వంపులో నీళ్లు నిలిస్తే గాలి బయటికి పోదు, నింపుతుంటే నీళ్లు మూతిలోంచి ఎగతన్ని మొహాన కొడతాయి. కొసకి సన్నటి స్టీలు జాలీ కట్టకపోతే చీమలు దూరతాయి, దోమలు దూరతాయి.

కొత్త ట్యాంకుకి ప్లాస్టిక్ వాసన ఉంటుంది. వంద లీటర్ల నీళ్లలో ఓ నూటయాభై గ్రాముల వంటసోడా కలిపి ఒక రోజంతా ఉంచి వదిలేయండి. రెండు మూడు సార్లు చేస్తే తగ్గుతుంది. మిగిలిన కాస్తా ఫిల్టరు చూసుకుంటుంది.

ట్యాంకు శుద్ధి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది కొలత తప్పేది ఇక్కడే. కావలసింది లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్. వంద లీటర్లకి 5 గ్రాములు. సోడియం హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణం) 5 శాతందైతే 100 మిల్లీలీటర్లు, 10 శాతందైతే 50. సువాసన, సబ్బు కలిపిన బట్టల బ్లీచ్ పనికిరాదు. ట్యాంకు సగం నింపి, మందుని ఒక బకెట్ నీళ్లలో కలిపి పోసి, మిగతా సగం నింపండి. కార్బన్ క్యాండిల్‌ని ముందే బయటికి తీసేయాలి. లేదంటే మందంతా అదే మింగేసి, అదీ పాడై, కుళాయి వైపు పైపుకి ఏమీ అందదు. పంపు వేసి ఒక్కో కుళాయి తిప్పి, చల్లది, వేడిది, బయట షవర్ ఉంటే అదీ, క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. నాలుగు గంటలు ఉంచండి. తర్వాత అడుగు వాల్వు తెరిచి మొత్తం వదిలి, రెండుసార్లు మంచినీళ్లతో నింపి కడిగేయండి. ఆ నీళ్లు చెరువులోకో పొలంలోకో వదలొద్దు, డ్రైనేజీలోకి వదలండి.

హైపో దొరకని ఊళ్లో బ్లీచింగ్ పౌడర్ వాడొచ్చు. కొత్త డబ్బాలో 30 శాతం పైన క్లోరిన్ ఉంటుంది కాబట్టి తూకం వేసి 17 గ్రాములు. కానీ పొడిని నేరుగా ట్యాంకులో పోశారా, చచ్చారే! అందులో సున్నం ఉంటుంది. బకెట్‌లో కలిపి అరగంట కదపకుండా ఉంచితే తెల్లటి ముద్ద అడుక్కి దిగుతుంది, పైన తేట మాత్రం వంచుకుని ట్యాంకులో పోయాలి. ముద్ద పోతే పంపు లోపలి రబ్బరు వాల్వుల్లో ఇరుక్కుంటుంది, పంపు తిరుగుతుంది గానీ నీళ్లు లాగదు. క్లోరిన్ మందూ వెనిగరూ, క్లోరిన్ మందూ నిమ్మ ఉప్పూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. గీజరులో సున్నం పొరలకి నిమ్మ ఉప్పు మంచి మందే, అది వేరే రోజు పెట్టుకోండి.

నాలుగైదు నెలలకోసారి ఈ పెద్ద శుద్ధి, బండి నెలరోజులు కదలకుండా ఉంటే బయల్దేరే ముందు ఒకటి.

రోజువారీ మోతాదు వేరు. వంద లీటర్లలో 5 శాతం హైపో ఒక మిల్లీలీటరు వేస్తే లీటరుకి అర మిల్లీగ్రాము పెరుగుతుంది. ఆసుపత్రి సిరంజితో కొలవండి, మూతలతో కొలవకండి. క్లోరిన్ ఉందో లేదో తెలియని నీళ్లకి రెండు మిల్లీలీటర్లు వేసి, అరగంట ఆగి, పరీక్షించండి. పంచాయతీ వాళ్లు వాడే క్లోరోస్కోప్ చాలా చవక. గొట్టంలో నీళ్లు పట్టి ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, రంగుల గీతతో పోల్చుకోవడమే. ఆ ద్రావణం విషం, పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి, మళ్లీ ట్యాంకులో కలపకూడదు. 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే నిశ్చింత. ఎండాకాలంలో మా ట్యాంకులో రెండు మూడు రోజులకే సున్నాకి దిగుతుంది, చలికాలంలో అంతకన్నా చాలా ఎక్కువ నిలుస్తుంది. నీళ్లు బురదగా ఉంటే మందు ఎంత వేసినా బురదే తినేస్తుంది, ముందు తేర్చి వడకట్టాలి. ఇంకో మాట, హైపో కూడా బండి వేడికి బలం కోల్పోతుంది. చిన్న సీసా కొనండి, చీకట్లో పెట్టండి. పరీక్షలో రంగు రావడం లేదంటే మొదట సీసా మార్చి చూడండి. క్లోరిన్ బిళ్లలు ఈ విషయంలో మేలు, ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి, మోతాదు మాత్రం పొట్లం మీద చదువుకోవాలి.

సింకు కింద ఫిల్టర్లకి పది అంగుళాల గిన్నెలే ఎందుకంటే వాటి క్యాండిళ్లు ఆర్వో సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతాయి. బండి కోసమని అమ్మే ప్రత్యేక ఫిల్టర్లకి మార్గమధ్యంలో విడిభాగం పుట్టదు. మొదట 5 మైక్రాన్ల సెడిమెంట్, తర్వాత కార్బన్ బ్లాకు. ఆర్నెల్లకి మార్చాలి, కుళాయి ధార సన్నబడితే సెడిమెంట్‌ది అంతకన్నా ముందే. కార్బన్ దాటిన నీళ్లకి కాపలా ఉండదన్నాం కదా, ఆ గిన్నెలో నిలిచిన నీళ్లకీ అంతే. బండి రెండు రోజులు ఆగితే మొదటి రెండు లీటర్లు వంటపాత్రలు కడగడానికి వాడుకుని తర్వాత తాగండి. అనుమానం ఉన్న చోట్ల కోసం మూడోదిగా యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, అతి సన్నటి రంధ్రాల వడపోత) మెంబ్రేన్ పెట్టుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు.

వ్యాన్‌లో ఆర్వో మాత్రం పెట్టించకండి. లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది, వంద లీటర్ల ట్యాంకుతో ఆ బేరం కుదరదు. మరి ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల సంగతి? నల్గొండ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కార్బన్‌తో పోదు, యూఎఫ్‌తో పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట ట్యాంకు నీళ్లు స్నానానికీ గిన్నెలకీ, తాగడానికీ వంటకీ మూత వేసిన ఇరవై లీటర్ల క్యాన్ విడిగా. తీర ప్రాంతంలో ఉప్పు బోర్లకీ ఇదే పద్ధతి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటరు జేబులో ఉంటే మంచిదే, 500 లోపు చూపిస్తే రుచి బాగుంటుంది. అయితే అది సూక్ష్మజీవుల్ని చూపించదు, ఫ్లోరైడ్ చూపించదు. అంకె చిన్నదని మురిసిపోవద్దు.

నింపే చోట పచ్చ పైపు ఇస్తారు. తీసుకోకండి. బండ్లు కడిగి నేల మీద పడేసిన పైపు అది, ఎండకి కాగి రబ్బరు వాసన వేస్తుంటుంది. సొంతంగా పది మీటర్ల ఫుడ్ గ్రేడ్ పైపు, రెండు మూడు సైజుల కుళాయి బిగింపులు, ఒక హోస్ క్లిప్ పెట్టుకోండి. నింపే ముందు కుళాయిని ఒక నిమిషం వదిలేయాలి. పని అయ్యాక పైపు రెండు కొసలూ ఒకదానికొకటి బిగించి చుట్టేస్తే లోపలికి ధూళి పోదు. పెట్రోలు బంకుల్లో తాగునీటి కుళాయి వేరు, గాలి కొట్టే చోటి కుళాయి వేరు. అడిగి పట్టండి. బంకుల కన్నా హరిత హోటళ్లలో, పట్టణాల్లో మున్సిపల్ కుళాయి దగ్గర పట్టుకోవడం మేలు.

పంపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మొండిది. నిమిషానికి పది లీటర్ల చిల్లర, 40 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర ఆగేది చాలు. దాని ముందు జాలీ ఫిల్టరు తప్పనిసరి. పంపు తిరుగుతూ నీళ్లు రాకపోతే నూటికి తొంభైసార్లు ఆ జాలీ మూత రబ్బరు రింగు దగ్గర గాలి పీలుస్తుంటుంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రి పంపు ఉండుండి టక్కున ఒకసారి కొట్టుకుంటోందంటే ఎక్కడో కారుతోంది. అతికించిన సీపీవీసీ జాయింట్లు బండి కుదుపులకి చిట్లుతాయి, వంగే పైపు వేయించుకోవడం మంచిది. ప్రయాణంలో, నిద్రలో పంపు స్విచ్ ఆపేయండి. ఒక జాయింటు ఊడితే ట్యాంకు మొత్తం పరుపుల కిందికి తోడేస్తుంది.

వేడి నీళ్లు వంటకి వాడొద్దు. గీజరు 60 డిగ్రీల దగ్గర పెట్టండి, గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లే సూక్ష్మజీవులకి ఇష్టం. కుళ్లిన గుడ్ల వాసన వేడి కుళాయి నుంచే వస్తుంటే ట్యాంకుని అనుమానించక్కర్లేదు, గీజరులోని మెగ్నీషియం కడ్డీ దగ్గర జరిగే తంతు అది. గీజరు ఖాళీ చేసి క్లోరిన్‌తో కడిగితే పోతుంది.

వంద లీటర్లు ఇద్దరికి ఎన్నాళ్లొస్తాయంటే, తాగడానికీ వంటకీ మనిషికి ఐదారు లీటర్లు, గిన్నెలకి రోజుకి పది, మగ్గుతో స్నానమైతే మూడు రోజులు దాటదు. షవర్ వదిలితే రెండో రోజే గుర్రుమంటుంది. వారానికి మించి బండి నిలిపేటప్పుడు మొత్తం వదిలేసి, కుళాయిలు తెరిచి ఉంచి, తనిఖీ మూత మీద జాలీ గుడ్డ కట్టి ఆరనివ్వండి. లడఖ్ వైపు చలికాలం పోయేవాళ్లు పంపులో, ఫిల్టరు గిన్నెల్లో కూడా చుక్క మిగలకుండా చూడాలి, గడ్డకడితే గిన్నె పగులుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ట్యాంకు, పంపు ఇవే. లెవెల్ మీటరు మాత్రం వద్దు. లోపలి కడ్డీలకి సున్నం పట్టాక అది ఖాళీ ట్యాంకుని కూడా సగం ఉందని చూపిస్తుంది. తనిఖీ మూత తీసి టార్చి వేసి చూసుకుంటే, నీళ్లెన్ని ఉన్నాయో, గోడ ఎలా ఉందో రెండూ తెలుస్తాయి.