రాయడానికి రైలెక్కాలా, పుస్తకం తెరవాలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో కథలు రాయాలనుకునే కుర్రాళ్లకి ఆదివారం వస్తే ఇదే తర్జనభర్జన: రైల్లోనో కొండ మీదో తిరిగి రావాలా, ఇంట్లో కూర్చుని చదవాలా?

ఖర్చు: గుణుపూర్ ప్యాసింజర్ టిక్కెట్టు చవకే. 1,501 మీటర్ల మహేంద్రగిరి కొండకి బండి మాట్లాడుకుంటే మాత్రం జేబు ఖాళీ. చదువుకి అరువు పుస్తకం చాలు.

శ్రమ: కొండెక్కితే ఒళ్లు హూనం. చదవాలంటే ఫోన్ పక్కన పెట్టాలి, అది ఇంకా కష్టం!

రిస్కు: వానాకాలం మబ్బు దిగితే కొండ మీద ఏమీ కనపడదు. చదివితే ఇంకొకరి వాక్యం మన కలంలో దూరుతుంది.

దక్కేది: రైల్లో తెలుగు, ఒడియా, గిరిజనుల సవర మాటలు కలిసి వినిపిస్తాయి. చింతపండు మూట కాళ్ల దగ్గర పెట్టుకున్న అమ్మ బేరం తెలుగులో మొదలెట్టి లెక్క ఒడియాలో తేలుస్తుంది. అయితే గిడుగు రామమూర్తి ఈ ఊళ్లోనే ఉండి సవర భాష నేర్చుకున్నారని చదివినవాడి చెవి అక్కడ ఇంకాస్త నిలుస్తుంది.

సంభాషణలు పేలవంగా ఉంటే రైలెక్కండి. సరుకుండీ వాక్యం నడవకపోతే ఇంట్లో కూర్చుని చదవండి.