పాత కందకమా, గాజు పలకా, స్టీలు వలా? వన్యప్రాణి పార్కు మరమ్మతులో ఏది మేలు

కొత్త ఎన్‌క్లోజర్ (జంతువును ఉంచే ఆవరణ) కట్టేవాళ్లకంటే పాతదాన్ని సరిచేసేవాళ్లకే చిక్కులెక్కువ. స్థలం పెరగదు, పాత గోడలు కదలవు, పని జరిగినన్నాళ్లూ జంతువును ఎక్కడో ఒకచోట ఉంచాలి. అందుకే చెట్లూ బండలూ ఎంచుకోవడానికి ముందే, జంతువుకీ జనానికీ మధ్య అడ్డుగా ఏముండాలో తేల్చుకోవాలి. ప్రధానంగా మూడు దారులు: కందకం, గాజు, స్టీలు వల. కరెంటు తీగను నాలుగోదిగా లెక్కపెట్టొద్దు. సరఫరా ఆగినా, కొమ్మ పడి షార్టయినా అది ఉత్త తీగే. అసలు అడ్డుకు తోడుగా, చెట్ల మొదళ్ల కాపలాకు పనికొస్తుంది, అంతే.

కందకం

కమ్మీలు లేకుండా కందకం వెనక జంతువులను చూపించే పద్ధతికి పేరు తెచ్చింది 1907లో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తెరిచిన జూ. దూరం నుంచి చూడటానికి ఇప్పటికీ దీన్ని మించింది లేదు, ఫొటోకి ఏదీ అడ్డురాదు. మూల్యం మాత్రం స్థలంతో చెల్లించాలి. 30 × 40 మీటర్ల ఎన్‌క్లోజర్‌లో పొడవు వైపు 7 మీటర్ల కందకం తవ్వితే 1,200 చదరపు మీటర్లలో 280 పోతాయి. దాదాపు నాలుగో వంతు!

పాత కందకాల కొలతలను కాగితాల మీద చూసి నమ్మకూడదు. 2007లో శాన్ ఫ్రాన్సిస్కో జూలో పులి కందకం దాటి బయటికొచ్చి ఒకరిని చంపింది. గోడ 18 అడుగులని జూ మొదట చెప్పింది. కొలిస్తే పన్నెండున్నర, అంటే 3.8 మీటర్లు. ఉండాల్సింది 5 మీటర్లు. కాబట్టి కందకం అడుగు నుంచి టేపు పట్టి, గోడ పొడవునా ప్రతి ఐదు మీటర్లకూ కొలవాలి. అడుగున పేరుకున్న మట్టీ, విరిగిపడిన కొమ్మా గోడను పొట్టి చేస్తాయి. వాననీళ్లు పోయే దారి పూడిపోతే పొడి కందకం చెరువవుతుంది, ఈత వచ్చిన జంతువుకు అదే వంతెన.

నీటి కందకానికి వేరే గొడవలున్నాయి: నాచు, దోమలు, నీళ్ల మార్పిడి. చింపాంజీలకు ఈత రాదు, జారితే మునిగిపోతాయి. ఒడ్డు దగ్గర లోతు తక్కువ గట్టు, పట్టుకుని ఎక్కడానికి నీటి లోపలిదాకా తాళ్ల వల ఉండి తీరాలి. ఏనుగులు పొడి కందకాల్లో పడి దెబ్బలు తిన్నాయి కాబట్టి, వాటికి నిలువు ఉక్కు స్తంభాలో, లాగి కట్టిన ఉక్కు కేబుళ్లో మేలు. ఇక చిరుతలకు కందకం ఆలోచనే వద్దు.

గాజు

స్థలం పోదు, పిల్లవాడు నిలబడిన చోటికి జానెడు దూరంలో పులి ముఖం కనిపిస్తుంది. జనం ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. కానీ చెడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే, అన్నిటికంటే ముందు ప్రతిబింబం వల్ల. లోపల నీడ, బయట ఎండ ఉంటే సందర్శకుడికి తన ముఖమే కనిపిస్తుంది. జనం వైపు రెండు మూడు మీటర్ల లోతున కప్పు వేసి, నేలకూ కప్పు అడుగుకూ ముదురు రంగు ఇవ్వాలి. జంతువు వైపు వెలుతురు బాగా పడనివ్వాలి. పలకలు ఆర్డరు పెట్టేముందు చిన్న గాజుముక్కను అదే చోట నిలబెట్టి ఉదయం పదికి, సాయంత్రం నాలుగుకు చూడండి. ఖర్చులేని పరీక్ష, అయినా చేసేవాళ్లు తక్కువ.

పలక లామినేటెడ్‌దే కావాలి, అంటే గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర అంటించినది, ఒక పొర పగిలినా మిగతావి నిలబడేలా. మందం స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టాలి. ఇంకో పార్కులో సరిపోయిందని అదే మందం తెప్పించొద్దు, పలక వెడల్పు పెరిగినకొద్దీ వంగుడూ పెరుగుతుంది. అంచుల్లో పులుపు వాసన కొట్టే మామూలు సిలికాన్ పూస్తే లోపలి ప్లాస్టిక్ పొర విడిపోయి తెల్లటి మచ్చలు వస్తాయి, న్యూట్రల్ రకమే వాడాలి. కింది గాడిలో నీళ్లు నిలిచినా అదే రోగం, బయటికి పోయే రంధ్రాలు వదలండి. అదనంగా ఒక పలక మొదటి ఆర్డరులోనే కలపాలి.

గాజు పక్కన చల్లబరిచే బండ పెడితే జంతువు అక్కడికే వచ్చి పడుకుంటుంది. అయితే ఎన్‌క్లోజర్ మొత్తంలో చల్లటి చోటు అదొక్కటే అయితే అది బలవంతమే. జనానికి కనిపించని నీడ ఇంకోటి ఉండాలి. నాలుగు వైపులా గాజు పెట్టడం కూడా తప్పే: ఒక వైపు, మహా అయితే రెండు.

స్టీలు వల

వైర్ రోప్‌తో (తీగలు పేనిన ఉక్కు తాడుతో) అల్లిన స్టెయిన్‌లెస్ వల నల్లగా ఉంటే చూపుకు అంతగా అడ్డుపడదు, వెండిరంగుది ఎండలో మెరుస్తుంది. ఫొటోలు మాత్రం పాడవుతాయి, ఎందుకంటే చేతులు అందకుండా వల ముందు మరో రెయిలింగు తప్పదు, కెమెరాను వలకు ఆనించి తీయడం కుదరదు.

జంతువు వైపు నుంచి చూస్తే మూడింటిలో ఇదే గొప్పది. గాలీ వాసనా శబ్దమూ లోపలికి పోతాయి. కోతులకు వల కూడా ఎక్కే చోటే. పైకప్పుతో మూస్తే ఎత్తంతా వాడకంలోకి వస్తుంది. కీపర్లు వల ఇవతల నుంచే తోక పట్టి రక్తం తీయగలరు, సూది వేయగలరు. కందకం మీదుగా, గాజులోంచి అది కుదరదు. వల కన్ను (రంధ్రం) సైజు జంతువు తల, కాలు ఇరుక్కోనంత చిన్నదిగా ఉండాలి. వల వదులైతే ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. తవ్వే జంతువులైతే అడుగున కాంక్రీటు గట్టు వెయ్యండి. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి తుప్పును తట్టుకునే 316 రకం స్టీలు, గాల్వనైజ్డ్ (జింకు పూత) స్తంభాలకు తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ తొడుగు. చిలుకలకు జింకు పూత వల వద్దు, కొరికి విషం పాలవుతాయి.

పాత కందకం ఉన్నచోట

చాలా పార్కులకు మా సలహా: చుట్టూ వల, చూసే చోట పది పన్నెండు మీటర్ల గాజు. జనం వైపు గోడ దగ్గరకల్లా పల్లం ఉండేలా కందకాన్ని వాలుగా పూడిస్తే పోయిన నేల తిరిగొస్తుంది. మట్టిని 20–30 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస చేయాలి, లేకపోతే మొదటి వానలకే కుంగి గాజు కింద గుంట పడుతుంది. అడుగు డ్రైనేజీ పైపును పూడ్చకుండా పొడిగించాలి, గోడ వెనక నీరు నిలిస్తే గోడే వంగుతుంది. పూడ్చిన ప్రతి అడుగూ గోడ ఎత్తులోంచి పోయినట్టే. ఆ తగ్గుదలను పైన గాజుతో పూరించాలి. అయితే పాత గోడ తల మీద నేరుగా పలకలు నిలబెట్టొద్దు. అది మట్టిని ఆపడానికి కట్టింది, గాలి తోపునూ పులి దూకుడునూ మోయడానికి కాదు. గాజు స్తంభాలకు వేరే పునాది తీయించండి.